ఒకే రోజు, రెండు చోట్ల

…ఒక మనిషి గంటన్నరలో నాలుగు వందల అరవై కిలోమీటర్లు వెళ్లలేడు. ఈ ఎర్రమట్టి దారిలో అసలే వెళ్లలేడు, ఆ రోజు విమానమూ రాలేదు. కాబట్టి ఎవరో అబద్ధం చెబుతున్నారు. లేదా అబద్ధమని తెలియకుండానే చెబుతున్నారు. ఈ రెండో రకం వాళ్లను పట్టుకోవడమే కష్టం, వాళ్ల ముఖంలో ఏ తడబాటూ ఉండదు, అద్దంలో చూసుకున్నా వాళ్లకే కనిపించదు అనుకుంటూ వెర్నా టిల్‌బ్రూక్ ఎడారి మధ్య ఉలార్‌పా అనే ఆదివాసీ ఊరి క్లినిక్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని, ఒళ్లోని కాగితాన్ని నాలుగోసారి మడిచి, నాలుగోసారి విప్పింది.

కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క స్త్రీ. పేరు కున్మనార ఫ్రేజర్, ఊరు ఉలార్‌పా. మార్చిలో సిఫిలిస్ అని తేలింది, మార్చిలోనే సూదులు పడ్డాయి. ఆ తర్వాత మే పద్నాలుగున ఆమె రక్తం రెండుసార్లు తీశారు. ఉదయం పది గంటల పది నిమిషాలకు ఈ క్లినిక్‌లో. పదకొండు నలభైకి పట్నం ఆసుపత్రిలో. మొదటి గొట్టంలో రోగం అంకె నూట ఇరవై ఎనిమిది, అంటే రగులుతున్న జబ్బు. రెండో గొట్టంలో నాలుగు, అంటే చల్లారిన జబ్బు. మొదటి ఫలితం పక్కన మాత్రం ఒక మూల ‘గర్భవతి, పద్నాలుగు వారాలు’ అని రాసి ఉంది.

ఇవాళ సెప్టెంబరు తొమ్మిది. అంటే ముప్పై ఒకటో వారం. తల్లికి మందు పడకపోతే జబ్బు కడుపులోని బిడ్డకు చేరుతుంది. కొందరు బిడ్డలు చనిపోయి పుడతారు. కాన్పుకు కనీసం నెల ముందు సూది పడాలి. మిగిలింది వారాలు. పైగా ఆ మొదటి గొట్టంలో రక్తం నిజంగా ఏ స్త్రీదో తెలియదు.

నర్సు పని మానేశాక తొమ్మిదేళ్లుగా వెర్నా చేస్తున్న పని ఇదే. రాష్ట్రంలో ఏ మూల ఎవరి రక్తంలో ఈ జబ్బు కనిపించినా ఆ ఫలితం రాజధానిలో ఆమె బల్ల మీదున్న రిజిస్టర్‌కు వస్తుంది. ఏది కొత్త జబ్బో, ఏది పాతదో ఆ రిజిస్టర్ తేల్చాలి. ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్ల రక్తం మందు వేసుకున్నా జీవితాంతం పరీక్షలో పట్టుబడుతూనే ఉంటుంది, అందుకని. కొత్తదైతే క్లినిక్‌కు ఫోన్ వెళుతుంది, మందు పడుతుంది, వాళ్లతో కలిసినవాళ్లను వెతుకుతారు. పాతదైతే ఎవరూ ఎవరికీ ఫోన్ చేయరు.

ఈ రెండు గొట్టాలూ పాతవాటిలోకే వెళ్లాయి.

ఉదయం తొమ్మిది ఇరవైకి విమానం దిగింది. అదే విమానంలో డాక్టర్ లాక్లన్ పెన్‌హాల్ కూడా దిగాడు, చంకలో చుట్టిన బట్ట బ్యానర్‌తో. రాష్ట్రం మొత్తం రోగాల అంకెలకు ఆయన పెద్ద. మార్చి తర్వాత ఈ ఎడారి జిల్లాలో కొత్త కేసు ఒక్కటీ లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు మంత్రి మరో విమానంలో వచ్చి ఆ సున్నాను అందరికీ చూపిస్తాడు. సున్నా తెచ్చిన క్లినిక్‌కు కొత్త బండి ఇస్తాడు. మూడున్నరకు వెళ్లిపోతాడు.

సున్నా కోసం ఎవరైనా కొత్త రోగుల రక్తాన్ని మందు పడిన పాత రోగి పేరు మీద పంపుతున్నారేమో అన్నది వెర్నా అనుమానం. బండి కావాలి కదా. డయాలసిస్ చేయించుకునే ముసలివాళ్లను పట్నం తీసుకెళ్లే బండి టైర్లు లేకుండా పెరట్లో పడి ఉండటం ఆమె వస్తూనే చూసింది.

ముందు నర్సును పిలిచింది. బ్రైడీ అనే ఆ అమ్మాయి వచ్చి మూడు వారాలే అయిందట. అంతకుముందు ఎవరున్నారో తెలియదంది. ఆరు వారాలకో నర్సు మారుతుందని, తను పుస్తకంలో రాసి ఉన్నది చదివి అదే చేస్తానని చెప్పింది. దాపరికం లేని ముఖం. వెర్నా ఆమెను వదిలేసింది.

తర్వాత ముందు గదిలో బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి. ఇరవై నాలుగు, ఇరవై ఐదు ఉంటాయి. ఎండ ఎక్కుతున్నా మోకాళ్ల దాకా దిగిన ఫుట్‌బాల్ జెర్సీ వేసుకుని ఉంది. మెడలో గుర్తింపు కార్డు మీద మొదటి పేరు ఉండాల్సిన చోట తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. కార్డు అరిగిపోయిందేమో అనుకుంది వెర్నా. రక్తం గొట్టాల మీద పేర్లు ఎవరు రాస్తారని అడిగితే, తనే రాస్తానని ఆ అమ్మాయి బల్ల వైపు చూస్తూ చెప్పింది. ఫిబ్రవరి నుంచీ తనే.

“కున్మనార ఫ్రేజర్ తెలుసా నీకు?”

ఆ అమ్మాయి పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది.

“ఏ కున్మనార, సిస్టర్?”

“ఫ్రేజర్ అన్నాను కదా.”

“ఏ ఇంటి మనిషి?”

“నువ్వు చెప్పాలి, నన్ను అడిగితే ఎలా?” అంది వెర్నా. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆ అమ్మాయి తల ఇంకా దించుకుంది. ఈ పిల్లకు భయం వేసింది, అంటే ఏదో దాస్తోంది అనుకుంది వెర్నా. అదే క్షణంలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. భయపడుతున్నది తనే, తన భయాన్ని ఎదుటివాళ్ల ముఖంలో చదవడం తనకు పాత అలవాటే. ఆ ఆలోచనను పక్కకు నెట్టేసింది. పదకొండు దాటి పది నిమిషాలైంది.

ఉలార్‌పా క్లినిక్‌కు రెండు గుమ్మాలు. తూర్పు వైపుది ఆడవాళ్లది, పడమటి వైపుది మగవాళ్లది. ఆడవాళ్ల వైపు మగవాడు, డాక్టరైనా సరే, పిలవకుండా అడుగు పెట్టడు. ఆడవాళ్ల ఫైళ్లున్న గది ఆ వైపే ఉంది. దాని తాళం డాఫ్నీ పెద్దమ్మ మెడలో ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఇక్కడ ఆరోగ్య కార్యకర్త ఆవిడ. ఊళ్లో సగం మందిని కన్నది ఆవిడ కాదుగాని, పుట్టగానే పట్టుకున్న చేతులు ఆవిడవే. తాళం తీసి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఏమీ అడగలేదు. వెర్నా కూడా అడగలేదు. ముందు తన కళ్లతో చూడాలనుకుంది.

మొదట ఫ్రిజ్ తెరిచింది. సూదిమందు పెట్టెలు వరసగా ఉన్నాయి. తలుపుకు కట్టిన పుస్తకంలో మార్చి నుంచి వాడిన ప్రతి సూదికీ సంతకం ఉంది, మిగిలినవాటితో సరిపోయింది. ఎవరూ దొంగతనం చేయలేదు. మేలో, జూన్‌లో ఫ్రేజర్ ఇంటిపేరుతో ఒక్క సూదీ పడలేదు.

తర్వాత ఫైళ్లు. పేర్ల వరసలో ‘ఫ్రే’ కోసం వెతికితే దొరకలేదు. ఆ వరసే లేదు. అరల మీద అంకెలు మాత్రమే ఉన్నాయి. ఇక్కడ ఫైళ్లు పేరును బట్టి కాదు, ఇంటి నంబరును బట్టి పెడతారు. ఎవరు ఎవరి దగ్గర ఉంటున్నారో మారినప్పుడల్లా డాఫ్నీ పెద్దమ్మ ఫైలు తీసి ఇంకో అరలో పెడుతుంది. వెర్నా మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టింది. పద్నాలుగో ఇంట్లో దొరికింది కున్మనార ఫ్రేజర్, పుట్టిన ఏడుతో సహా. మార్చిలో రెండు సూదులు. మే పద్నాలుగున పట్నం వెళ్లింది. అంకె నాలుగుకు దిగింది. గర్భం ఊసు ఎక్కడా లేదు.

ఆమె ఆగలేదు. ఎందుకు ఆగలేదో తనకే తెలియదు. బహుశా ‘ఏ ఇంటి మనిషి’ అన్న ప్రశ్న లోపల ఎక్కడో తగులుకుని ఉంటుంది. ముప్పై ఒకటో ఇంట్లో మళ్లీ దొరికింది కున్మనార ఫ్రేజర్. అదే ఇంటిపేరు, పుట్టిన ఏడు మాత్రం ఒకటి తేడా. మే పద్నాలుగు, పది గంటల పది, ఉలార్‌పా. గర్భవతి.

ఇద్దరు.

ఫైలు మూసి పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. గుమ్మానికి అవతల పెన్‌హాల్ నిలబడి ఉన్నాడు, బూట్ల మొనలు గడపకు సరిగ్గా ఆనించి.

“ఏమిటి డిటెక్టివ్ గారూ, హంతకుడు దొరికాడా?”

వెర్నా చెప్పింది. ఒకే పేరున్న ఇద్దరిని రిజిస్టర్ ఒకరిగా కలిపేసిందని, ఒకరి వైద్యం ఇంకొకరి ఖాతాలో పడిందని, సున్నా నిజం కాదని చెప్పింది. మంత్రి రాక ఆపమంది. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

“పేరు కలిసింది, ఊరు కలిసింది, పుట్టిన ఏడు రెండేళ్ల లోపు తేడాతో కలిసింది. కాబట్టి ఒకే మనిషి. ఈ సూత్రం ఎవరు రాశారు, వెర్నా?”

“నేనే.”

“నాలుగేళ్ల కింద. నేను వద్దంటే, ఎడారిలో పుట్టినరోజులు సరిగ్గా ఉండవు, ఇలా కలపకపోతే ఒక్కో మనిషి ముగ్గురైపోతారని గంటసేపు వాదించారు. నేను అంకె చదివేవాణ్ని మాత్రమే. మీరు ఇచ్చిన అంకె.”

అదీ నిజమే. వాదించి గెలిచిన రోజు సాయంత్రం తను ఒంటరిగా ఒక గ్లాసు వైన్ తాగిన సంగతి కూడా గుర్తొచ్చింది. వెర్నా లోపలికి వచ్చేసింది. ఆయన రాలేని చోటికి.

డాఫ్నీ పెద్దమ్మ అదే స్టూలు మీద, అదే చూపుతో ఉంది. వెర్నా ఆవిడ ముందు నేల మీద కూర్చుంది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఇద్దరికి ఎలా వచ్చిందని అడిగింది. కున్మనార అనే పేరు రిజిస్టర్‌లో చాలాసార్లు చూశానని, ఇక్కడ అందరూ ఇష్టపడి పెట్టుకునే పేరనుకున్నానని చెప్పింది.

పెద్దమ్మ మెల్లగా, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. ఫిబ్రవరిలో ఒక ముసలావిడ పోయింది. ఆవిడ పేరు ఇప్పుడు ఎవరూ పలకరు. పలికితే పోయినావిడకూ కష్టం, ఉన్నవాళ్లకూ కష్టం. ఆవిడ పేరే పెట్టుకున్న మనవరాళ్లు ముగ్గురున్నారు, వాళ్లనూ ఆ పేరుతో పిలవరు. పేరు పోయినవాళ్లందరూ కున్మనారలే, ఏళ్లు గడిచి ఆ పేరు తిరిగి వచ్చేదాకా. మగవాళ్లైనా, ఆడవాళ్లైనా. క్లినిక్‌లో ఫైలు మీదా, గొట్టం మీదా అలాగే రాశారు, మర్యాద కనుక.

“మాకు కలగాపులగం కాదమ్మా. మేం ఇల్లు చూస్తాం, మనిషిని చూస్తాం. మీ కంప్యూటరు ఏం చూస్తుందో మాకేం తెలుసు? ఎవరూ వచ్చి అడగలేదు.”

ఆ పేరు ఈ కథలోనూ రాయడం లేదు.

ముగ్గురు మనవరాళ్లు. వెర్నా ముప్పై ఒకటో ఇంటి ఫైలు ఒళ్లో పెట్టుకుని మళ్లీ తెరిచింది. గర్భవతికి నూట ఇరవై ఎనిమిది అంకె వచ్చాక అప్పటి నర్సు ఊరుకుని ఉండదు. ఏదో చేసి ఉండాలి. పుటలు తిప్పింది. మే ఇరవై రెండు. పచ్చ సిరా, చిన్న అక్షరాలు.

‘సాయంత్రం 4:15. రాష్ట్ర రిజిస్టర్‌కు ఫోన్ చేశాను. పాత కేసు, మార్చిలో పూర్తి వైద్యం జరిగింది. మందు అక్కర్లేదు. చెప్పినవారు: వి.టి.’

ఆ తర్వాత వచ్చిన ప్రతి నర్సూ ఆ పుట చదివి, దాని కింద ‘చూశాను’ అని సంతకం పెట్టింది. ఆగస్టులో తీసిన రక్తం కింద కూడా అదే. చివరి సంతకం బ్రైడీది.

వెర్నాకు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఆఫీసులో ఎవరిదో వీడ్కోలు, బల్ల మీద నిమ్మకాయ కేకు. ఒక చేతిలో ప్లేటు, ఇంకో చేతిలో ఫోను. అటువైపు నర్సు గొంతు కాస్త అనుమానంగానే ఉంది. ‘ఖచ్చితంగానేనా, అంకె చాలా ఎక్కువుంది’ అంది. తను తెర మీద పేరు చూసింది. మార్చి తేదీ చూసింది. మొత్తం నలభై సెకన్లు. అటు మాట్లాడింది ఎవరో, ఇటు కేకు ఎవరి కోసమో గుర్తు లేదు, కేకు రుచి మాత్రం నాలుక మీదికి వచ్చింది. ఈ నాలుగు నెలల్లో ఆ ఫోను గుర్తు రాలేదా? వచ్చి ఉంటుంది. కాగితాన్ని పదేపదే మడిచింది అందుకేనేమో. దొంగను వెతకడానికి ఇంత దూరం రావడం, దొంగ తను కాకూడదని కోరుకోవడం, రెండూ ఒకటే పని కాబోలు.

“ఈ అమ్మాయి ఇప్పుడెక్కడుంది, పెద్దమ్మా? బతుకుదెరువుకు ఎటైనా వెళ్లిందా?”

డాఫ్నీ పెద్దమ్మ చెయ్యి ఎత్తలేదు. పెదవులు ముందుకు సాచి ముందు గది వైపు చూపించింది.

బల్ల దగ్గర ఆ అమ్మాయి లేచి నిలబడి ఉంది. తలుపు సందులోంచి అంతా విన్నట్టే ఉంది. నిలబడితే కనిపించింది, జెర్సీ కింద ఏడు నెలలు నిండిన పొట్ట. కార్డు మీద తెల్ల ప్లాస్టర్.

బ్రైడీని పిలిచి, తలుపు వేసి, ఆ అమ్మాయిని మంచం మీద కూర్చోబెట్టారు. ఏం జరిగిందో వెర్నా రెండు వాక్యాల్లో చెప్పింది. నీ రక్తంలో జబ్బు ఉంది, మే నెలలోనే మందు పడాల్సింది, పడలేదు. ఇంకా ఆలస్యం కాలేదు అని కూడా అనబోయింది. అది తనకు తెలియదు కాబట్టి అనలేదు.

ఆ అమ్మాయి ఏడవలేదు. జెర్సీ అంచును వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది.

“సిస్టర్, నిన్న పొద్దున్నుంచి లోపల సరిగ్గా కదలడం లేదు. ఇవాళ మంత్రి వస్తున్నాడు కదా, పనంతా అయ్యాక చెబుదామనుకున్నా.”

బ్రైడీ ముందు తేరుకుని పొట్ట మీద బిడ్డ గుండె వినే యంత్రం పెట్టింది. గరగరమని గాలి శబ్దం. పక్కకు జరిపింది. గాలే. ఇంకొంచెం కిందికి జరిపింది. వెర్నా గోడ గడియారంలో ముల్లు చూస్తూ ఉంది. ఇరవై రెండు సెకన్లు. ఇరవై మూడు. అప్పుడు దొరికింది గుండె చప్పుడు, వేగంగా, మధ్యలో తడబడుతూ.

వెర్నా గుమ్మం దగ్గరికి నడిచింది. పెన్‌హాల్ ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ చప్పుడు ఆయనకూ వినిపించింది. విషయం చెప్పింది. ఆయన ముఖంలో అంకెలవాడు పోయి, ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందటి డాక్టరు ఎవరో వచ్చినట్టయింది. వెంటనే పట్నం కాన్పుల డాక్టరుకు ఫోన్ కలిపాడు. వారాలు చెప్పాడు, అంకె చెప్పాడు, తగ్గిన కదలిక చెప్పాడు. మందు పడ్డాక జ్వరం, నొప్పులు మొదలయ్యే ప్రమాదం ఉందని అవతలివాళ్లు అంటున్నట్టున్నారు, తెలుసు, తెలుసు అన్నాడు. సూదులు ఇప్పుడే వేసి, వచ్చే మొదటి విమానంలో పంపమన్నారు.

“మొదటి విమానం మంత్రిది,” అన్నాడు ఫోన్ దించి. “దిగగానే తిప్పి పంపించేస్తాను. ఆయన ఇక్కడ ఈగలు తోలుకుంటాడు.”

“సున్నా?”

ఆయన బూట్ల మొనల వైపు చూసుకున్నాడు. తర్వాత గొంతు బాగా తగ్గించాడు. “పిల్లకు మందు పడుతుంది. పిల్ల పట్నం వెళుతుంది. చేయాల్సినవి ఈ రెండే. ఆ పచ్చ సిరా కాగితం ఎవరికీ పనికిరాదు వెర్నా, మీకు అసలే పనికిరాదు. పేరు కూడా లేదు దాని మీద, రెండక్షరాలు. సూత్రం తప్పింది, కంప్యూటరు తప్పింది అని రాద్దాం. ఇటివ్వండి, నేను లోపలికి రాలేను కదా.”

చెయ్యి చాచాడు. గడప దాటకుండా.

ఆమె వెనక్కి వచ్చింది. బ్రైడీ ఫ్రిజ్‌లోంచి రెండు సూదులు తీసింది. చల్లగా వేస్తే మందు గడ్డకట్టినట్టు నొప్పి పెడుతుంది. అందుకని వెర్నా వాటిని అందుకుని రెండు అరచేతుల మధ్య మూసి పట్టుకుంది. తొమ్మిదేళ్ల తర్వాత కూడా చేతులకు అది గుర్తుంది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, మందు వెచ్చబడేదాకా ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. ఆ అమ్మాయి కూడా మొదటిసారి కళ్లెత్తింది.

“మే నెలలో ఇక్కణ్ణుంచి ఫోన్ వస్తే, నీకు మందు అక్కర్లేదని చెప్పింది నేనే.”

“అప్పుడు మీకు నేనెవరో తెలీదు కదా, సిస్టర్.”

“అడగలేదు.”

డాఫ్నీ పెద్దమ్మ ఆ అమ్మాయి వెనక చేరి భుజాలు పట్టుకుంది. ఇంకొక మనవరాలు ఉందని, ఏప్రిల్‌లో పడమటి ఊరికి కాపురానికి వెళ్లిందని, అదీ కున్మనార ఫ్రేజరేనని గోడకు చెప్పినట్టు చెప్పింది. వెర్నా తల ఊపింది. ఒక్క ఉలార్‌పాలోనే కాదు. ఈ ఎడారి పొడుగునా ఎన్ని ఊళ్లలో ఎంతమంది పోయారో, ఎన్ని పేర్లు ఆగిపోయాయో, రిజిస్టర్‌లో ఎన్ని వందలమంది కున్మనారలు ఒకరిలో ఒకరు కలిసిపోయి ‘పాత కేసు’ అని నిద్రపోతున్నారో. ఆ సున్నాలన్నిటి కింద మనుషులున్నారు. ఎక్కడో దూరంగా, ఉత్తరాన, విమానం మోత మొదలైంది. ఇంకా రెండు కాలేదు, తొందరగా వస్తున్నారు.

సూదులు వెచ్చబడ్డాయి. వాటిని బ్రైడీ చేతిలో పెట్టి, వెర్నా పక్కకు తప్పుకుంది. గుమ్మంలో చాచిన చెయ్యి ఇంకా అలాగే ఉంది. ఆమె బల్ల మీద ఫైలు తెరిచి, పచ్చ సిరా పుటకు తిప్పి, ఆ అమ్మాయి పెన్ను మూత విప్పింది. ‘వి.టి.’ పక్కన ఖాళీ చాలా తక్కువ ఉంది. అక్షరాలు ఇరికించి, తన పేరు మొత్తం రాసింది.